ఊరి పేరు పెట్టుకున్న లార్డుగారు, కెజియా ఆర్మెరాడ్

కెజియా ఆర్మెరాడ్ ఏడవగా చూసినవాళ్ళు కెల్డ్‌షాలో ఒక్కరూ లేరు. చూడాలని ప్రయత్నం చెయ్యక కాదు. కూతురు తిర్సా గొంతువాపు జబ్బుతో పోయింది. ఆ చలికాలంలోనే, కొండమీద మంచు కరగకముందే, మొగుడు ఏమస్ రాతిగనిలో బండ జారి పోయాడు. పిల్ల కోసం తవ్విన గోతినే మళ్ళీ తవ్వి తండ్రిని దించారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అల్లం కేకు ముక్కలు గుడ్డలో చుట్టుకుని వరసగా వాళ్ళింటికి నడిచారు. ఓదార్చాలన్నది సగం, ఎలా ఉందో చూడాలన్నది సగం. కెజియా తలుపు తీసేది, కూర్చోమనేది, చేతిలో చీపురుంటే చీపురుతోనే నిలబడి వినేది. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకుమించి మాట లేదు. శుక్రవారం వచ్చేసరికి ఎప్పటిలాగే మోకాళ్ళ మీద వంగి ఇసకరాయితో గుమ్మం తెల్లగా రుద్దింది.

"లోపల కూర్చుని ఏడుస్తుందేమోనని గోడకి చెవి ఆనించి మరీ విన్నాను. పళ్ళేలు కడుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదే!" అని పక్కింటి డోర్కస్ ఫెదర్ వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

అదంతా ఏనాటి మాటో. అప్పటినుంచి కెజియా ఓట్స్ పిండి రొట్టెలు చేసి అమ్ముకుని బతికింది. వేడి రాతి పెనం మీద పలచగా పిండి పోసి, ఊడిన రొట్టెని తడిగుడ్డలా ఎత్తి, వంటింటి కప్పు కింద కట్టిన తాళ్ళ మీద ఆరేసేది. శనివారాలు చాపెల్ ఊడ్చేది. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ మాంసం మాడిపోతుందని ఇళ్ళకి పరిగెడుతుంటే, తను మాత్రం చాపెల్ వెనక సమాధుల తోటలోకి వెళ్ళి, ఆ ఒక్క రాయి చుట్టూ గడ్డి పీకి, నీళ్ళు మరిగేంత సేపు నిలబడేది. పువ్వులు పెట్టదు, గొణగదు. ఆ కాసేపూ ఎవరు పలకరించినా మాత్రం వినిపించుకునేది కాదు. ఆమెకి లోకంలో ఏదైనా కావాలీ అంటే ఆ నిలబడే జానెడు చోటే అని మాకందరికీ తెలుసు. ఆమెకి తెలుసో లేదో.

ఇప్పుడు లయొనెల్ క్రాస్‌డేల్ సంగతి చెప్పాలి.

చివరింటి ముసలమ్మ క్రాస్‌డేల్‌కి మనవడు. చిన్నప్పుడు తల్లికి జబ్బు చేస్తే రెండు చలికాలాలు ఇక్కడే అవ్వ దగ్గర పెరిగాడు. కెజియా ఈడువాడే, ఒకే బల్ల మీద కూర్చున్నారు. తర్వాత పెద్ద బడులకి పోయాడు, పార్లమెంటుకి పోయాడు, విదేశాంగ మంత్రి అయ్యాడు. కెల్డ్‌షాకి మళ్ళీ రాలేదు. వచ్చిందల్లా ఆయన గురించిన వార్తలే. చాపెల్ పెద్ద ఎనోక్ బిన్స్ కళ్ళజోడు ముక్కు చివరకి దించుకుని, చెప్పులు బాగుచేసే తన కొట్లో పేపరు పైకి చదివేవాడు. ఆడవాళ్ళం తెగిపోని చెప్పులు కూడా పట్టుకెళ్ళేవాళ్ళం.

"మన లయొనెల్‌కి రాజుగారు మోకాలి పట్టీ బిరుదు ఇచ్చారట. దేశం మొత్తం మీద ఇరవై నాలుగు మందికే ఇస్తారు. ఇక నుంచి సర్ లయొనెల్ అనాలి" అన్నాడు ఒకసారి.

"మా ఆయనకీ ఉందిగా మోకాలికి పట్టీ! రాజుగారు కట్టలేదు, డాక్టరు కట్టాడు, అంతే తేడా" అంది డోర్కస్.

"నీ నోటికి కట్టాలే పట్టీ" అన్నాడు ఎనోక్.

ఇంకోసారి, కొండ కింద ఉన్న పెద్ద పట్నం వాళ్ళు ఆయన్ని పిలిచి, ఈ రోజునుంచి నువ్వు మా నగరపు మనిషివి, మా నగరంలో నీకు సర్వస్వేచ్ఛ ఉంది అని తోలు మీద రాసి, బంగారు పెట్టెలో పెట్టి ఇచ్చారు.

"ఇన్నాళ్ళూ కట్టేసి ఉంచారా ఏంటి పాపం?" అంది డోర్కస్. అందరూ నవ్వారు. కెజియా నవ్వలేదు. రొట్టెల బుట్ట చంకన పెట్టుకుని, "నీకెన్ని కావాలి ఎనోక్?" అని అడిగింది.

ఆ పట్నమే మా లోయ మీద కన్ను వేసింది. పట్నంలో మిల్లులు పెరిగాయి, జనం పెరిగారు, నీళ్ళు చాలలేదు. కెల్డ్‌షా కింద ఆనకట్ట కడితే లోయంతా చెరువవుతుందని కార్పొరేషన్ వాళ్ళు లెక్క తేల్చారు. పార్లమెంటులో చట్టం చేయించారు. ఇళ్ళు పోతాయి, బదులుగా పైరోడ్డు మీద కొత్త ఇళ్ళు ఇస్తారు. సమాధుల సంగతి వేరు. చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు అడిగితే తవ్వి పైరోడ్డు పక్కన కొత్త తోటకి మారుస్తారు. అడగకపోతే మీద సిమెంటు పలక పోసేసి నీళ్ళు వదులుతారు. కార్పొరేషన్ తరఫున మిస్టర్ ప్రాక్టర్ అనే పొడుగాటి మనిషి వచ్చి, ఒప్పుకున్నవాళ్ళ సమాధి రాయి మీద సుద్దతో గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. ఈస్టరు తర్వాత వచ్చే పెంతెకొస్తు పండగ దాకా గడువన్నాడు.

కెజియా మొదట సరేనంది. ప్రాక్టర్ ఆమె రాయి మీద గుర్తు పెట్టాడు కూడా.

సరిగ్గా ఆ వారంలోనే పేపర్లో పడింది. లయొనెల్ క్రాస్‌డేల్‌ని రాజుగారు ఎర్ల్‌ని, అంటే పెద్ద లార్డుని, చేశారు. ఇక ఆయన ప్రభువుల సభలో కూర్చుంటాడు. అలాంటి బిరుదు తీసుకునేవాళ్ళు ఏదో ఒక ఊరి పేరు దానికి తగిలించుకోవాలట. ఆయన తీసుకున్న పేరు ఎర్ల్ క్రాస్‌డేల్ ఆఫ్ కెల్డ్‌షా.

ఎనోక్ పేపరు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయిపోయింది. ఇక ఆనకట్టా లేదు, గీనకట్టా లేదు" అన్నాడు.

"అదెట్లా?" అన్నారు ఎవరో.

"అదెట్లా ఏంటయ్యా! రాజుగారు ముద్ర వేసి ఊరు ఆయన పేరున పెట్టాక, ఆ ఊరిని ముంచడానికి ప్రాక్టర్‌కి ఎన్ని గుండెలుండాలి? ఏ మగాడైనా తన పేరులో ఉన్న ఊరిని ముంచుకుంటాడా? మనల్ని కాపాడ్డానికే పెట్టుకున్నాడు, పైకి చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. పెద్దవాళ్ళ పద్ధతులట్లా ఉంటాయి. ఇప్పుడు మనం రాళ్ళ మీద సుద్ద గీయించుకుంటే, ముంచమని మనమే చెప్పినట్టు. ఎవరూ గీయించుకోకండి."

అరంగుళం నేలైనా లేకపోయినా లార్డుగారు ఊరి పేరు పెట్టుకోవచ్చునని మాలో ఎవరికి తెలుసు? పక్క లోయలో హాలు కట్టుకున్న లార్డుకి ఆ లోయ పేరే ఉంది, లోయా ఆయనదే, గొర్రెలూ ఆయనవే. మేం చూసిన లార్డు ఆయనొక్కడే. అందుకని ఎనోక్ మాట నమ్మాం.

మర్నాడు కెజియా బకెట్టుతో నీళ్ళు, గుడ్డ పట్టుకుని సమాధుల తోటకి వెళ్ళింది. రాయి మీది గుర్తు గుమ్మం కడిగినంత శ్రద్ధగా కడిగేసింది. గోడ అవతలనుంచి డోర్కస్ చూస్తూనే ఉంది.

"కడిగేస్తున్నావా?"

"కడిగేస్తున్నా."

"భయంగా లేదూ?"

"దేనికి?" అంది కెజియా, గుడ్డ పిండుతూ.

పెంతెకొస్తు వెళ్ళిపోయింది. గడువూ వెళ్ళిపోయింది. గీయించుకున్నది ముగ్గురో నలుగురో, వాళ్ళని చూసి మిగతావాళ్ళు మొహం తిప్పుకున్నారు. జూన్‌లో కబురొచ్చింది, లార్డుగారు తన పేరున్న ఊరు చూడ్డానికి వస్తున్నారని. ఎనోక్ చొక్కా గుండీలు పగిలేలా ఉబ్బిపోయాడు. చాపెల్ బడి గదిలో బల్లలు కలిపి తెల్లగుడ్డలు పరిచారు. ఉడికించిన పంది తొడ, ఊరగాయ ఉల్లిపాయలు, సీడ్ కేకు, కెజియా రొట్టెలు. ఊరి బాకా బృందం వాయిద్యాలకి బూడిద పెట్టి తోమింది. టీ పొయ్యడం కెజియా వంతు వేశారు, ఆమె చెయ్యి వణకదని.

"చూడు, ఆయన్ని లయొనెల్ అనకూడదు. లార్డుగారూ అనాలి" అని ఎనోక్ మూడుసార్లు చెప్పాడు.

"అననులే."

"ఊరి తరఫున సంగతి నేనే కదుపుతాను. నువ్వు టీ మాత్రం పొయ్యి."

లార్డుగారు కారు దిగారు. ముసలితనం బాగానే పడింది, కాలు కొద్దిగా ఈడుస్తున్నారు. పట్టీ కట్టుకోలేదు, బూడిదరంగు కోటు మామూలుగానే ఉంది. డోర్కస్‌కి అదే పెద్ద నిరాశ. మంచి మనిషే, ఆ మాట కాదనకూడదు. అందరి చేతులూ పట్టుకున్నారు. అవ్వ ఇంటి ముందు టోపీ తీసి నిలబడ్డారు. ఎనోక్ రాసుకొచ్చింది చదవడానికి లేచి, గొంతు సవరించుకుని, రాజుగారి గురించీ దేవుడి గురించీ చదివి, అసలు సంగతి దగ్గరకొచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయి కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కెజియా టీకుండ పట్టుకుని లార్డుగారి పక్కకి వచ్చింది. ఆయన తలెత్తి చూశారు.

"కెజియా కదూ? మంచులో నన్ను చెయ్యి పట్టుకుని ఆదివారం బడికి లాక్కెళ్ళేదానివి. హాజరుకి బహుమతి నాకొచ్చింది. నాకొచ్చిన మొదటి బహుమతి అదే."

"అవునండీ."

"నీకు రాలేదు కదూ ఆ ఏడు?"

"రాలేదండీ. ఒక ఆదివారం మా గొర్రె ఈనింది." ఆమె కప్పులో టీ పోసింది. "లార్డుగారూ, ఒక మాట అడగనా? ఆనకట్ట ఆగిపోయినట్టేనా?"

గదిలో చెంచాలు ఆగిపోయాయి. ఎనోక్ కళ్ళు మూసుకున్నాడు.

లార్డుగారు కప్పు పళ్ళెంలో పెట్టారు. "ఎవరన్నారు ఆగిందని?"

"మీరు మా ఊరి పేరు పెట్టుకున్నారు కదాని."

ఆయన మెల్లగానే, చాలా మర్యాదగానే మాట్లాడారు. "కెజియా, ఆ చట్టానికి నేనే ఓటేశాను. పట్నంలో పిల్లలు మురికినీళ్ళు తాగి చచ్చిపోతున్నారు. ఊరు ఎలాగూ పోతుందని తెలుసు. తెలిసే ఈ పేరు తీసుకున్నాను. పేరైనా మిగలాలని."

"ఎవరికి మిగులుతుందండీ?"

"నాకు. నా తర్వాత మా అబ్బాయికి. ఆ తర్వాత వాడి కొడుక్కి."

"మీ అబ్బాయి ఎప్పుడైనా ఇటు వచ్చాడా?"

"లేదు."

"పాలు పొయ్యనా?" అంది కెజియా.

పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. తర్వాత పక్కాయనకి పోసింది, ఆ పక్కాయనకి పోసింది, బల్ల చివరిదాకా పోసుకుంటూ వెళ్ళింది. ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్ళు అప్పటికే నడుముకి కట్టుకున్న ఏప్రన్లు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కెజియాకి మాత్రం తన చేతులు ఎవరివో అన్నట్టు దూరంగా కనిపించాయట. చెవుల్లో దూది పెట్టినట్టు అన్ని మాటలూ మెత్తగా వినిపించాయట. చాలాకాలం తర్వాత డోర్కస్ తవ్వి తవ్వి అడిగితే ఈ రెండు ముక్కలూ చెప్పింది. అంతకుమించి ఏమనిపించిందే అంటే, ఏమీ అనిపించలేదు, కుండ బరువుగా ఉందనిపించింది అంది.

కుండ ఖాళీ అయ్యాక దాన్ని పొయ్యి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మళ్ళీ లార్డుగారి దగ్గరకొచ్చింది.

"మీరొకసారి లేచి నాతో రండి. దగ్గరే."

"కెజియా!" అన్నాడు ఎనోక్. లార్డుగారు అప్పటికే లేచారు.

సమాధుల తోటలో ప్రాక్టర్ గోడకి ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు. తవ్వకం మనుషులు సోమవారం వస్తున్నారని చూసుకోవడానికి వచ్చాడు. లార్డుగారిని చూసి చుట్ట పారేసి టోపీ తీశాడు.

"ఈ రాయి మీద గుర్తు పెట్టాలి" అంది కెజియా.

"మిసెస్ ఆర్మెరాడ్, నేను పెట్టాను, మీరే కడిగేశారు. గడువు అయిపోయిందమ్మా. నా చేతిలో లేదు. పై కమిటీ ఒప్పుకోదు."

"మీరు పెట్టక్కర్లేదు. వీరు పెడతారు."

లార్డుగారు ఇబ్బందిగా కదిలారు. "కార్పొరేషన్ పనిలో నేను వేలు పెట్టడం అంత..."

"మీరు ఆ పట్నం మనిషేగా. వాళ్ళే కదా బంగారు పెట్టెలో పెట్టి ఇచ్చింది" అంది కెజియా. ఎత్తిపొడుపు కాదది. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఎప్పుడూ లేదు. రొట్టెలెన్ని కావాలని అడిగినట్టే అంది. "వాళ్ళ మనిషే గీస్తే చెరిపేస్తారా?"

లార్డుగారు రాయి మీది పేర్లు చదివారు. ఏమస్ ఆర్మెరాడ్. తిర్సా, పై ఇద్దరి కూతురు అని రాసి ఉంది గానీ పైన ఒక్కరే ఉన్నారు, రెండోవారి చోటు ఖాళీగా వదిలారు. ఆయన ఆ ఖాళీ వైపు చూశారు, తర్వాత కెజియా వైపు చూశారు. ప్రాక్టర్ వైపు చెయ్యి చాపారు. ప్రాక్టర్ జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు.

తడిగడ్డిలో ఒక మోకాలు ఆనించి, ముసలాయన రాయి మీద అడ్డగీతా నిలువుగీతా గీశారు.

"ఇది నేను పెట్టాను. కమిటీ అడిగితే నన్ను అడగమను" అన్నారు ప్రాక్టర్‌తో.

లేవబోతుంటే గోడ మీంచి డోర్కస్ గొంతు. "మా అత్తది! మా అత్తది కూడా లార్డుగారూ, ఆ వంకర రాయి! బతికున్నప్పుడు నన్ను కాల్చుకు తింది, అయినా నీళ్ళలో వదిలెయ్యలేను గదా!"

ఇంకేముంది. బడి గది మొత్తం ఖాళీ అయి తోటలోకి వచ్చి పడింది. మా తాతండీ, మా చెల్లెలండీ, మా కవలలండీ అని లార్డుగారి చెయ్యి పట్టుకుని రాయి నుంచి రాయికి తిప్పారు. బూడిదరంగు ప్యాంటు మోకాళ్ళు బురదకీ గడ్డికీ పచ్చబడ్డాయి. సుద్ద అరిగిపోతే ప్రాక్టర్ ఇంకొకటి ఇచ్చాడు. బాకా బృందం ఏం వాయించాలో తెలియక, వచ్చిన ఒక్క కీర్తనే మళ్ళీ మళ్ళీ వాయించింది. ఎనోక్ బిన్స్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. చివరికి లార్డుగారే వెళ్ళి, "మీవాళ్ళెవరండీ?" అని అడిగితే, వేలితో తన తల్లి రాయి చూపించాడు.

కెజియా ఇదేం చూడలేదు. బడి గదిలో కప్పులు కడుగుతోంది.

సోమవారం తవ్వకం మొదలైంది. సమాధుల తోట చుట్టూ గోనెపట్టాలు కట్టారు, ఎవరూ చూడకూడదని. మేం చూడకుండా ఉన్నామని చెప్పను గానీ, చూడ్డానికి పెద్దగా ఏమీ కనపడలేదు. కమిటీ కిక్కురుమనలేదు. పట్నం పేపరు మాత్రం లార్డుగారి ఔదార్యం అని పెద్ద అక్షరాలతో రాసింది. డోర్కస్ ఆ ముక్క కత్తిరించి కెజియాకి చూపించింది. కెజియా చదివి, పొయ్యి అంటించుకోవడానికి ఉంచుకోనా అని అడిగింది.

ఆర్మెరాడ్ వాళ్ళ వంతు వచ్చిన రోజు వాన పడుతోంది. కెజియా నల్లకోటు వేసుకుని పైరోడ్డు పక్కన కొత్త తోటలో ముందే వెళ్ళి నిలబడింది. తోడుగా డోర్కస్. అక్కడ చెట్టూ లేదు, గోడా లేదు, గాలి ఒకటే కొడుతోంది. బండి వచ్చింది. తవ్వకం మేస్త్రీ, ఇంకొకతనూ కలిసి ఒక చెక్కపెట్టె దించారు. పొడవు ఎక్కువ లేదు. కొత్త చెక్క, పైన్ వాసన వేస్తోంది.

కెజియా బండి వైపు చూసింది. "రెండోది?"

మేస్త్రీ టోపీ తీశాడు. వానలో తల తడుస్తోంది. "రెండోది లేదండీ. ఒకటే గొయ్యి కదా. ఇన్నేళ్ళ తర్వాత ఏవి ఎవరివో... చిన్నవీ పెద్దవీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. విడదియ్యడానికి చూశాం తల్లీ. కుదరలేదు."

డోర్కస్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. పడిపోతుందనుకుంది.

"ఒకే పెట్టెలోనా" అంది కెజియా.

"అవునండీ."

"అన్నీ వచ్చాయా? ఏమీ అక్కడ ఉండిపోలేదు కదా?"

"లేదండీ. నేనే చేత్తో ఏరాను. మట్టి జల్లెడ కూడా పట్టాం."

"సరే. దించండి."

దించారు. మట్టి తడిసి ముద్దముద్దగా పడింది. రాయి నిలబెట్టడానికి ఇంకో రోజు పడుతుందని, నేల గట్టిపడాలని మేస్త్రీ చెప్పాడు. కెజియా తల ఊపింది. మనుషులు బండి ఎక్కి వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడింది. డోర్కస్ ఆమె మొహంలోకి వంగి చూసింది. వాననీళ్ళేవో, కావో ఎంత చూసినా తేల్చుకోలేకపోయింది.

"ఏమే కెజియా, వెళ్దామా? తడిసిపోతున్నాం."

ఆ కాసేపూ ఎవరు పలకరించినా వినిపించుకోదు గదా. డోర్కస్ గొడుగు ఆమె మీదకి వంచి, తన భుజం తడుపుకుంటూ, నోరు మూసుకుని పక్కన నిలబడింది.